గ్రూపు పాలసీ చేయిస్తే ఈఎస్‌ఐ మానేయవచ్చా?

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు పరిశ్రమ ఉంది. పనివాళ్లు 14 మంది, ఎక్కువగా ఆడవాళ్లే. ఒక్కొక్కరికి నెలకు 14,000 రూపాయలు ఇస్తూ ఈఎస్‌ఐ కడుతున్నాం. ఇప్పుడు వాళ్లకు ప్రైవేటు గ్రూపు ఆరోగ్య బీమా కూడా చేయించాం. ఇక ఈఎస్‌ఐ మానేయవచ్చా? 2024-25లో పనివాళ్ల వాటా కొన్ని నెలలు ఆలస్యంగా కట్టామని ఆడిటరు ఆ సొమ్మును మా ఆదాయంలో కలిపారు. అది సరేనా?

జవాబు: మానేయకూడదు. పదిమంది, అంతకు మించి పనిచేసే పరిశ్రమలో 21,000 రూపాయల లోపు జీతగాళ్లందరికీ ఈఎస్‌ఐ తప్పనిసరి. మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానిదే కాని యజమానిది కాదు. తర్వాత పనివాళ్లు పదిమందికి తగ్గినా బాధ్యత పోదు.

14,000 జీతం మీద మీ వాటా 3.25 శాతం, అంటే 455 రూపాయలు; పనిచేసే మనిషి వాటా 0.75 శాతం, 105 రూపాయలు. మీ 455ను ఆమె జీతంలోంచి పట్టుకోవడం నేరం. ఈ కొద్ది సొమ్ముతో ఆమెకు, ఆమె కుటుంబానికి వైద్యం అందడమే కాక, అర్హత ఉంటే జబ్బు చేసిన రోజులకు ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం, కాన్పుకు 26 వారాల పూర్తి జీతం వస్తాయి. మామూలు గ్రూపు పాలసీ ఆసుపత్రి బిల్లు చెల్లిస్తుంది కాని, పని మానేసి ఇంట్లో ఉన్న రోజులకు కూలి ఇవ్వదు. జీడి చమురుకు వేళ్లు నల్లబడి, పొక్కులెక్కి జీడిపిక్క పట్టుకోలేని మనిషికి కావలసింది ఆ కూలే.

ఇక పన్ను సంగతి. మీ ఆడిటరు చేసింది సరైనదే. 2024-25కు వర్తించే చట్టం ప్రకారం యజమాని తన వాటాను ఆదాయపు పన్ను రిటర్ను గడువులోగా కట్టినా ఖర్చుగా చూపుకోవచ్చు; పనివాళ్ల వాటా మాత్రం వారి సొమ్ము మీ చేతిలో ఉన్నట్టు లెక్క కనుక, మరుసటి నెల 15వ తేదీలోగా జమ కాకపోతే ఆ సొమ్ముకు ఖర్చు కింద మినహాయింపు ఉండదని 2022 అక్టోబరు 12న చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టాలి. పట్టుకున్న వాటాను అసలే కట్టకపోతే అది నమ్మకద్రోహ నేరం కిందికి వస్తుంది. దయచేసి ఆ దాకా రానివ్వకండి.

గ్రూపు పాలసీని ఈఎస్‌ఐకి అదనంగా కొనసాగించండి. ప్రీమియం నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా కడితేనే వ్యాపార ఖర్చుగా చెల్లుతుంది. ముందుగా మీ పనివాళ్లందరి ఈఎస్‌ఐ వివరాలు తీసి, భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు అందులో ఉన్నాయో లేదో వారి ఎదుటే చూసి, లేనివి చేర్పించండి.