సెలవులో ఉన్న కానిస్టేబుల్ కొడితే పరిహారం ఎవరిది?

సెలవులో ఉన్న కానిస్టేబుల్ కొట్టినందుకు పరిహారం కోసం శ్రీకాకుళం నగరపాలక సంస్థపై దావా వేయవచ్చా అని అడిగారు. వేసినా నిలవదు. కేంద్ర, రాష్ట్రాల అధికారాలను పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వానిది.

అసలు చిక్కు ‘సెలవు’ అన్న మాటలో ఉంది. యూనిఫాం వేసుకున్నాడా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదు. చేసిన పనికి ఉద్యోగాధికారంతో సంబంధం ఉందా అన్నది ముఖ్యం. పొలం గట్టు తగాదాలో పొరుగువాణ్ని కొడితే అది సొంత నేరం, నష్టం అతడే భరించాలి. అదే తగాదాలో గుర్తింపు కార్డు చూపించి, స్టేషనుకు లాక్కెళ్లి కొడితే ప్రభుత్వాన్నీ బాధ్యత వహించేలా చేయమని గట్టిగా వాదించవచ్చు. కస్టడీ మరణంపై నీలబతి బెహెరా కేసులో 1993లో సుప్రీంకోర్టు ఒడిశా ప్రభుత్వం చేత 1,50,000 రూపాయలు ఇప్పించింది. ప్రాథమిక హక్కుల ఉల్లంఘనకు సార్వభౌమాధికార రక్షణ (ప్రభుత్వ విధుల్లో జరిగిన నష్టానికి ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పించే సూత్రం) వర్తించదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

ప్రభుత్వంపై సివిల్ దావాకు సాధారణంగా రెండు నెలల ముందస్తు నోటీసు తప్పనిసరి. దెబ్బలు మానేలోపే వైద్య ధ్రువపత్రం తీసుకోండి, దయచేసి ఆలస్యం చేయకండి.