1.3 లీటర్ల రోటరీ ఇంజిన్‌కి మైలేజీ అంత తక్కువెందుకు?

పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్ ఉన్న స్పోర్ట్స్ కారు మజ్దా ఆర్ఎక్స్-8 లీటరుకి 7, 8 కిలోమీటర్లే ఇస్తుందంటే "ఇంజిన్ 1.3 లీటర్లేగా?" అంటారు. ఆ అంకెతోనే చిక్కంతా. మామూలు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది. ఇక్కడ ఒక్కో రోటర్‌కి షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది. అంటే ఇది పీల్చే గాలి 2.6 లీటర్ల ఇంజిన్‌కి సమానం, పోల్చాల్సింది దానితోనే. పైగా మండే గది పొడవుగా, పల్చగా ఉండటంతో వేడి ఎక్కువగా గోడలకే పోతుంది, అంచుల్లో కొంత పెట్రోలు మండకుండానే బయటికెళ్తుంది. చిన్న ట్రిప్పుల్లో మైలేజీ ఇంకా పడిపోతుంది.

మైలేజీని ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి కొలవండి. ఆయిల్ ఖర్చూ కలపండి: రోటర్ అంచుల్లోని సీల్స్ అరగకుండా మండే గదిలోకి కాస్త ఆయిల్ పంపడం దీని డిజైన్‌లోనే ఉంది, అది రిపేరు కాదు.