బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గర ఆగిన పీఆర్ ఫైలు: నా 32 నెలల అనుభవం

మీ ప్రశ్న చదివాను. కెనడా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (స్కోరు చూసి పిలిచే పద్ధతి) వేసి 17 నెలలైంది, మెడికల్ అయింది, వేలిముద్రలు అయ్యాయి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాత్రం ఇంకా నడుస్తోందనే చూపిస్తోంది, కెనడా రాకముందు నాలుగేళ్లు కువైట్‌లో చేశారు, మీతోపాటు వేసినవాళ్లకి కార్డులు కూడా వచ్చేశాయి, రాత్రి నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. నాకు 32 నెలలు పట్టింది. 2021 మేలో వేస్తే 2024 జనవరిలో తేలింది. లాయర్‌ని కాదు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. నాకు జరిగింది చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2011 నుంచి 2017 దాకా సౌదీలో, జుబైల్‌లో చేశాను. 2018లో చదువు మీద ఎడ్మంటన్ వచ్చాను. మీకు గుర్తుండే ఉంటుంది, 2021 ఫిబ్రవరి 13న ఒక్క డ్రాలో, అంటే ఒక్క విడతలో, 27,332 మందిని దరఖాస్తుకి పిలిచారు, 75 స్కోరుకే. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో పండగ. తొమ్మిది మంది తెలుగువాళ్లం ఒకేసారి కాగితాలు సర్దుకున్నాం. ఆ ఏడాది క్రిస్మస్‌కల్లా ఎనిమిది మందికి వచ్చేసింది. తొమ్మిదోవాణ్ని నేను. గ్రూపు మెల్లగా ఇళ్లు కొనడం, అమ్మానాన్నలకు సూపర్ వీసా (వచ్చి ఎక్కువ కాలం ఉండనిచ్చే వీసా) వేయడం మీదకి వెళ్లిపోయింది. నేను మ్యూట్‌లో పెట్టాను.

ముందు మీ నిద్ర సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ నష్టపోయింది అక్కడే. పొద్దున ఐదున్నరకి షిఫ్టు. బయట మైనస్ 30. ట్రక్కు వేడెక్కేదాకా లోపల కూర్చుని, ఒక గ్లౌజు పళ్లతో లాగి, బొటనవేలితో ఫోన్‌లో పోర్టల్, అంటే దరఖాస్తు ఎక్కడుందో చూపించే వెబ్‌సైట్, తెరిచేవాణ్ని. మీ చెక్ జరుగుతోంది, ఏమైనా కావాలంటే మెసేజ్ పంపుతాం అన్న అదే వాక్యం. అది చూశాక పన్నెండు గంటల షిఫ్టు. మధ్యాహ్నం తిండి దగ్గర ఇంకోసారి. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. ఏదైనా కదిలితే ఈమెయిల్ వస్తుందని తెలుసు, అయినా చూసేవాణ్ని. ఒకరోజు పోర్టల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పంటోంది. భయంతో ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ చల్లగా చెప్పింది: “నేనే మార్చిన. శనివారం పొద్దున చాయ్ తాగినంక నేనే తెరిచి చూపిస్త. అప్పటిదాకా పని చేసుకో.” ఆ రోజు ఆమెతో గొడవ పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే పాస్‌వర్డ్ వాళ్ల చేతుల్లో పెట్టండి. ఇంతకన్నా పెద్ద చిట్కా నా దగ్గర లేదు.

ఇక ఫైలు సంగతి. పోర్టల్‌లో ఒకే లైనుగా కనిపించే ఆ చెక్‌లో నిజానికి వేర్వేరు పనులుంటాయి. క్రిమినాలిటీ వేరు, అంటే మీ వేలిముద్రలు, పోలీసు సర్టిఫికెట్లు. సెక్యూరిటీ వేరు. సెక్యూరిటీ పరిశీలనకి పంపిన ఫైలు ఇమ్మిగ్రేషన్ శాఖ చేతిలో ఉండదు, బోర్డర్ సర్వీసెస్ ఏజెన్సీ, సీసిస్ అనే ఇంటెలిజెన్స్ సంస్థ చూస్తాయి. మీది ఎక్కడ ఆగిందో పోర్టల్ చెప్పదు. చెప్పేది జీసీఎంఎస్ నోట్స్, అంటే ఇమ్మిగ్రేషన్ శాఖ కంప్యూటర్లో మీ ఫైలు మీద రాసుకున్న రికార్డు. కెనడాలో ఉన్నవాళ్లెవరైనా సమాచార చట్టం కింద ఐదు డాలర్లు కట్టి తెప్పించుకోవచ్చు. చట్టం ప్రకారం గడువు 30 రోజులు, ఎక్కువ పట్టినా ఆశ్చర్యపోకండి. మీరు ఇప్పటిదాకా తెప్పించకపోతే మిగతాదంతా పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి. నేను పదకొండు నెలలు ఊహల్లో బతికాక వేశాను. సిగ్గుగానే ఉంటుంది ఇప్పుడు తలుచుకుంటే.

నోట్స్ పీడీఎఫ్ డెబ్బై పేజీల పైనే వచ్చింది. చాలా చోట్ల నల్ల పెట్టెలు, అంటే మనకి చూపించని భాగాలు. ఎలిజిబిలిటీ పాస్, మెడికల్ పాస్, క్రిమినాలిటీ పాస్, సెక్యూరిటీ ఇన్ ప్రోగ్రెస్. ఆ నాలుగు ముక్కలు చూడగానే సగం బరువు దిగింది. నా చదువు, ఉద్యోగం కాగితాల్లో లోపం లేదని తెలిసింది కదా. తర్వాత ఒక పేజీలో నా పేరు రెండు రకాలుగా కనిపించింది.

అదెలాగంటే, అరబిక్‌లో ‘ప’ అక్షరం లేదు. మా ఇంటిపేరు ‘ప’తో మొదలవుతుంది. జుబైల్‌లో ఆరేళ్లు నన్ను ‘బ’తోనే పిలిచారు, మేం కూడా నవ్వుకునేవాళ్లం. సౌదీ పోలీసు కాగితం అరబిక్‌లో వచ్చింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చినతను ఉన్నది ఉన్నట్టు ‘బ’ అనే రాశాడు, మధ్యలో మా బాపు పేరు కూడా కలిసింది. మన దగ్గర చూస్తే ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. మొత్తం మూడు రకాల నేను. అయినా దరఖాస్తులో ‘ఇంతకుముందు వేరే పేర్లేమైనా వాడారా’ అన్నచోట దర్జాగా ‘లేదు’ అని పెట్టాను. మన పేర్ల సంగతి మనకి అలవాటే కాబట్టి అది వేరే పేరని తోచదు. పేరు పట్టుకుని రికార్డులు వెతికేవాడికి మాత్రం ముగ్గురు మనుషులు కనిపిస్తారు.

ఒక నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాను: ఈ మూడు పేర్లూ నావే, అక్షరం ఎందుకు మారిందంటే ఇదీ కారణం అని. ఇకామా (సౌదీ నివాస కార్డు) కాపీ, మెమో కాపీ, పాత పాస్‌పోర్టు పేజీలు జతచేసి వెబ్‌ఫారంలో, అంటే శాఖ వెబ్‌సైట్‌లో ఉండే ఫారంలో, పంపాను. దానివల్లే ఫైలు కదిలిందా అంటే చెప్పలేను, ఆ తర్వాత కూడా ఏడాదిన్నర పట్టింది. కానీ నా వైపు నుంచి సందేహం మిగలకూడదనుకున్నాను.

ఆలస్యమైతే మన మీద అనుమానం ఉన్నట్టేనా అని మీరు చివర్లో అడిగారు. నేనూ అదే అనుకుని, జుబైల్‌లో ఎవరి గదిలో ఉన్నాను, ఎవరికి ఎంత డబ్బు పంపాను అని పాత సంగతులన్నీ తవ్వుకున్నాను. నా విషయంలో ఏమీ లేదు. నన్ను ఇంటర్వ్యూకి పిలవలేదు, అదనపు ప్రశ్నలు కూడా రాలేదు. నిజంగా అభ్యంతరం ఉంటే ఉత్తరం పంపి మన జవాబు అడుగుతారు. ఆ ఉత్తరం రానంతకాలం మీరు వరసలో ఉన్నట్టే లెక్కపెట్టుకోండి.

తేదీల మీద మాత్రం కన్నేసి ఉంచాలి. ఫైలు ఆగినా మీ పర్మిట్ ఆగదు, పాస్‌పోర్టు ఆగదు. నా వర్క్ పర్మిట్ 2023 జనవరిలో అయిపోతుంటే బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కి (పీఆర్ తేలేదాకా పని చేసుకోనిచ్చేది) వేశాను, 2025 దాకా ఇచ్చారు. మా ఆవిడకి మాత్రం ఆ జూన్ దాకానే వచ్చింది. ఎందుకా అని చూస్తే ఆమె పాస్‌పోర్టు గడువు అంతే. పాస్‌పోర్టు ముగిసే తేదీ దాటి పర్మిట్ ఇవ్వరు. మాకు తెలియక కాదు, చూసుకోలేదు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది, జులైలో కాన్పు. మా దగ్గర హెల్త్ కార్డు గడువు పర్మిట్ గడువుతో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు రెన్యువల్‌కి వేసి, అది రాగానే పర్మిట్ పొడిగింపుకి వేసి, చివరి వారం దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం. మీ ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ఈ రోజే తీసి చూడండి. ఏడాది కంటే తక్కువ ఉంటే రెన్యువల్‌కి వేసి, కొత్త నంబరు వెబ్‌ఫారంలో తెలియజేయండి. అడ్రస్ మారినా, ఉద్యోగం మారినా, బిడ్డ పుట్టినా అంతే. మా పాప ఇక్కడ పుట్టింది కాబట్టి పుట్టుకతోనే కెనడా పౌరురాలు, అయినా దరఖాస్తులో చేర్పించాలి. పొత్తిళ్లలో ఉన్నది సిటిజన్, ఎత్తుకున్న తల్లిదండ్రులు కాదు! మెడికల్‌కి మామూలుగా 12 నెలల గడువు. అది దాటిందని మీ అంతట మీరు పోయి మళ్లీ చేయించుకోవద్దు, ఉత్తరం వచ్చాకే.

ఇండియా వెళ్తే దరఖాస్తు చెడుతుందా అన్నారు. దరఖాస్తుకి ఏమీ కాదు. చిక్కు తిరిగి రావడంలో ఉంది. పర్మిట్ ఉన్నా పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు అయిపోయి ఉంటే అక్కడ మళ్లీ వేయాలి, అదెప్పుడొస్తుందో అన్న భయం. ఆ భయంతోనే నేను వెళ్లలేదు. బాపుకి మోకాలి ఆపరేషన్ అయితే తమ్ముడు చూసుకున్నాడు, నేను వీడియోలో చూశాను. ఇప్పుడు అడిగితే వెళ్లి ఉండాల్సిందనే అంటాను. ముందు వీసా ఇక్కడి నుంచే పొడిగించుకునే వీలుంది, కాగితం పూర్తి చేసే ఓపిక లేక వదిలేశాను.

ఇంటి దగ్గర మాటలు ఇంకో బాధ. ప్రతి ఆదివారం అమ్మ, “కాయితం అచ్చిందా బిడ్డా?” అని అడిగేది. రాలేదంటే కాసేపు మౌనం. ఊళ్లో ఒకాయన ఏకంగా “సౌదీల ఏదో కేసున్నదట గదా” అని మా తమ్ముణ్ని అడిగాడు. తమ్ముడు కొట్టబోయాడట. చివరికి అమ్మకి ఇట్ల చెప్పిన: “అమ్మా, రేషన్ కార్డుకి పెట్టుకుంటే వీఆర్వో సంతకం కోసం ఎన్నిసార్లు తిరిగినవ్? ఇది గట్లనే, కాకపోతే ఈడ తిరగనియ్యరు.” ఆ మాట ఆమెకి అర్థమైంది. తర్వాత అడగడం మానేసి, వాకిట్లో మామిడి ఎట్ల కాసిందో చెప్పేది.

ఫైలు కదిలించడానికి చేసిన పనుల్లో ఒకటి శుద్ధ దండగ. లోపల తెలిసినవాళ్లున్నారని ఒక కన్సల్టెంట్ 600 డాలర్లు తీసుకుని, నేను పంపినలాంటి వెబ్‌ఫారమే ఇంకోటి పంపాడు. అలాంటివాళ్లకి పైసా ఇవ్వకండి. మీ ప్రాంత ఎంపీ ఆఫీసు పని మాత్రం ఉచితం. ఓటు లేకపోయినా అడగొచ్చు. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుని వాళ్లే శాఖని అడుగుతారు. నాకు ఫోన్ చేసినామె ఓపికగా చెప్పింది: “మీ ఫైలు తిరస్కరణలో లేదు, సెక్యూరిటీ భాగం రాలేదు, అంతే.” ఎంపీ ఆఫీసు ఫైలుని కదపలేదు, ఆ మాట మాత్రం నాకు రెండు నెలలు సరిపోయింది.

ఆఖరి మెట్టు ఫెడరల్ కోర్టు. మాండమస్ అంటారు, అంటే ఏదో ఒక నిర్ణయం తీసుకోమని అధికారులని ఆదేశించమని అడగడం. పీఆర్ ఇమ్మని కోర్టు చెప్పదు, తేల్చమని మాత్రమే చెబుతుంది. కొనిల్ అనే పాత కేసు నుంచి కోర్టు ప్రధానంగా చూసేవి ఇవి: ఆ పనికి మామూలుగా పట్టే కాలం దాటిందా, ఆలస్యంలో మీ తప్పు ఉందా, అధికారులు సరైన కారణం చూపించారా. అందుకే ప్రతి వెబ్‌ఫారం, ప్రతి జవాబు తేదీతో సహా దాచుకోవాలి. కోర్టు ఫీజు 50 డాలర్లే. లాయర్‌కే నాకు నాలుగున్నర వేలు అయింది. 2023 సెప్టెంబర్‌లో ముందు డిమాండ్ లెటర్, అంటే తేల్చకపోతే కోర్టుకి వెళ్తామన్న ఉత్తరం, పంపాడు, జవాబు రాలేదు. నవంబర్‌లో కేసు వేశాడు. విచారణ దాకా పోకుండానే జనవరిలో పోర్టల్ ఈమెయిల్ వచ్చింది. ఇంకొంచెం ముందు వేయాల్సిందా అంటే, అవును. కోర్టుకెక్కితే పగబడతారేమో అన్న మన ఊరి భయమే నన్ను ఏడాది ఆపింది. మీకు 17 నెలలే కాబట్టి ముందు నోట్స్, తర్వాత ఎంపీ ఆఫీసు, రెండేళ్లు దగ్గరపడితే లాయర్‌తో ఒకసారి మాట. ఈ వరసలో వెళ్లమంటాను.

ఇంకో లెక్క. ఇక్కడ పర్మిట్ మీద ఉన్న రోజులు పూర్తిగా వృథా పోవు. సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు చేసే ముందు ఐదేళ్లలో 1,095 రోజులు ఉండాలి కదా, పీఆర్ రాకముందు గడిపిన ఒక్కో రోజు సగం రోజుగా కలుస్తుంది, గరిష్ఠంగా 365 దాకా. నేను ఇప్పుడు ఆ లెక్క ఎక్సెల్‌లో పెట్టుకుని చూసుకుంటున్నాను. మా ఆవిడ దానికి కూడా పాస్‌వర్డ్ పెడతానంటోంది.

మీరు కువైట్ పోలీసు సర్టిఫికెట్ పెట్టి ఉంటారు. దాని ఇంగ్లీషు అనువాదంలో మీ ఇంటిపేరు, నాన్నగారి పేరు ఎలా పడ్డాయో, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి, తేడా ఉంటే ఇక్కడే రాయండి. నా అఫిడవిట్‌లో పేర్లు తీసేసి నమూనా పెడతాను.