అడగండి చెబుతాం: స్టార్టర్లు, రిలేలు, పీఎల్‌సీలు

ప్రశ్న: మా 10 హెచ్‌పీ బోరు మోటారు ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టరుంది, కరెంటు మితిమీరితే మోటారు ఆపే ఓవర్‌లోడ్ రిలే కూడా ఉంది. ఎందుకిలా?
(రైతు, జనగామ జిల్లా)

జవాబు: ముందు రిలే డయల్ చూడండి. మోటారును ముందు తక్కువ కరెంటుతో లేపి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చే స్టార్ డెల్టా స్టార్టర్లలో చాలావాటికి రిలే వైండింగుకు (మోటారు లోపలి తీగచుట్టకు) వెళ్లే తీగల్లో ఉంటుంది. అక్కడ పారేది లైను కరెంటులో 58 శాతమే. నేమ్‌ప్లేటు మీద 18 ఆంపియర్లుంటే డయల్ పదిన్నర దగ్గరుండాలి. 18కి తిప్పి వదిలేస్తే మోటారు కాలేదాకా రిలే కదలదు.

తర్వాత దాని రీసెట్ మీట. ‘ఆటో’లో ఉందా, ‘మాన్యువల్’లో ఉందా? మామూలు పచ్చబటన్ స్టార్టరుకు ఏదైనా ఫర్వాలేదు. ఎవరో వచ్చి నొక్కితేగానీ మోటారు తిరగదు. ఆటో స్టార్టరుకు ఆ అడ్డు లేదు. రిలే పడుతుంది, కాసేపటికి చల్లారుతుంది, మోటారు మళ్లీ లేస్తుంది. వేడెక్కిన వైండింగు మీదే స్టార్టింగ్ కరెంటు పడుతుంటే ఎన్నాళ్లు ఆగుతుంది? మాన్యువల్‌లోనే ఉంచండి.

బోరు ఎండినప్పుడు కరెంటు తగ్గుతుంది, పెరగదు. కాబట్టి ఓవర్‌లోడ్ రిలేకు ఆ సంగతే తెలియదు. నీళ్లు లేనప్పుడు మోటారు ఆపే డ్రై రన్ రిలే, ఒక ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ విడిగా కావాలి.

ప్రశ్న: ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సిబ్బంది అంటారు. రాత్రి పొలానికి పోకుండా ఉండటానికే కదా అవి పెట్టుకున్నది?

జవాబు: రాత్రి కరెంటు రోజుల్లో పాములకు, షాకులకు భయపడి పెట్టుకున్నారు, అందులో తప్పు లేదు. కానీ పాత స్టార్టరులోని నో వోల్ట్ కాయిల్‌ను కరెంటు పోతే మోటారు దించేయడానికే పెట్టారు. ఆటో స్టార్టరు ఆ కట్టడిని దాటేస్తుంది. లెక్క చూడండి: 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఎల్‌టీ (మోటార్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ) వైపు సుమారు 84 ఆంపియర్లు మోయగలదు. 8 ఆంపియర్ల మోటార్లు పది నడిస్తే 80. కరెంటు రాగానే పదీ నేరుగా ఒక్కసారి లేస్తే ఆరింతలు, 480. వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు వేగం అందుకోలేవు, ఆ ఎక్కువ కరెంటే ఇంకాసేపు లాగుతాయి. ఫ్యూజులు ఎగిరేది అప్పుడే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు. తోడిన నీళ్లు వృథాపోవడం ఇంకో కారణం. తీయడం కుదరకపోతే కరెంటు వచ్చాక కాసేపు ఆగి మోటారు వేసే ఆన్ డిలే టైమరు పెట్టించి, ఇరుగుపొరుగు తలా ఒక వ్యవధి పెట్టుకోండి.

ప్రశ్న: పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) కంప్యూటరే కదా, ప్రోగ్రామును రిలే బొమ్మల్లో ఎందుకు గీస్తారు?
(ఐటీఐ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: వాడాల్సింది ఎలక్ట్రీషియన్లు కాబట్టి. జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగంలో కారు మోడలు మారితే రిలే ప్యానెళ్ల వైరింగు మార్చాల్సి వచ్చేది. అది తప్పించే యంత్రం కావాలని 1968లో అడిగారు. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 అలా వచ్చింది. బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్‌లో అది 84వ ప్రాజెక్టు, పేరు అందుకే.

ల్యాబులో చాలామంది తడబడేది స్టాప్ బటన్ దగ్గర. దాన్ని ఎన్‌సీగానే (నొక్కనప్పుడు కలిసి ఉండేలా) వైరు చేయాలి, తీగ తెగినా యంత్రం ఆగుతుంది. అయితే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ సిగ్నల్ వస్తుంటుంది గనక ల్యాడరులో (ఆ రిలే బొమ్మల ప్రోగ్రాములో) దాన్ని ఎన్‌ఓ (సిగ్నల్ వస్తేనే కలిసే) కాంటాక్టుగా గీయాలి. అక్కడా ఎన్‌సీ గీస్తే స్టార్ట్ నొక్కినా అవుట్‌పుట్ రాదు.

ప్రశ్న: ఫోనుతో నడిచే స్టార్టరు కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు. ముందుముందు అవే ఎక్కువవుతాయి. కొనేముందు ఒకటి పరీక్షించండి: మెయిన్ స్విచ్ ఆపి, లైన్‌మన్ సాయంతో మోటారు తీగలు మాత్రం విప్పించి, ఆ తర్వాత మెయిన్ స్విచ్ మళ్లీ వేసి, ‘ఆన్’ మెసేజ్ పంపండి. ‘మోటారు నడుస్తోంది’ అని జవాబు వస్తే అది కరెంటును కొలవడం లేదు, తనకు అందిన ఆదేశాన్నే తిరిగి చెబుతోంది. మూడు ఫేజుల ఆంపియర్లు చూపేదే తీసుకోండి.