పూల్ పక్క ప్లాస్టిక్ గడ్డిలో ఏం పోయించాలి?

ప్రశ్న: డల్లాస్‌లో మా ఇంటి వెనక పూల్ చుట్టూ ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయిస్తున్నాం. పోచల మధ్య రబ్బరు పొడి పోస్తే చవక అంటున్నాడు కాంట్రాక్టర్. పోయించమంటారా?

జవాబు: పూల్ దగ్గర మాత్రం వద్దండి. పాత టైర్ల పొడి అది, నల్లగా ఉంటుంది. టెక్సాస్ ఎండకి కాళ్లు కాలేంత వేడెక్కుతుంది, వాసన కూడా. పిల్లలు తడి కాళ్లతో దాని మీద నడిచి మళ్లీ నీళ్లలోకి దూకితే, అరికాళ్లకు అంటుకున్న నల్ల గింజలన్నీ పూల్లోకే.

నా ఓటు యాక్రిలిక్ పూత పూసిన ఇసుకకి. గింజ గుండ్రం, నీరు పీల్చదు, బరువు కాబట్టి తేలదు. అడుగున చేరినా వాక్యూమ్‌తో లాగేయొచ్చు. ధర ఎక్కువే. బడ్జెట్ లేకపోతే కడిగిన గుండ్రటి సిలికా ఇసుక చాలు. గుప్పెడు ఇసుక గ్లాసు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు మజ్జిగలా అయితే ఆ బస్తా వెనక్కి పంపేయండి.

జియోలైట్ అనే ఖనిజం గింజలు కుక్క ఉన్న ఇంటికే, మూత్రం వాసన తగ్గడం కోసం. కొబ్బరి పీచు, కార్క్ లాంటివి నీళ్లలో తేలతాయి.

ఇంకోటి, వాలు పూల్ వైపు కాకుండా బయటికి ఉండాలి. లేదంటే ఏది పోసినా మొదటి పెద్ద వానకే పూల్లో ఉంటుంది.