వానాకాలంలో పాపతో, కుక్కతో దారిలేని కొండ ఎక్కవచ్చా?

బెంగళూరు నుంచి జులైలో పడమటి కనుమల్లోని సకలేశపుర వెళ్లి, ఒక కాఫీ తోటలో దిగి, తోట వెనుక ఉన్న దారిలేని కొండను ఎనిమిదేళ్ల పాపతో, లాబ్రడార్‌తో ఎక్కవచ్చా అని అడిగారు. ఎక్కవచ్చు, అయితే ఆ కొండ ఎవరిదో ముందు తేల్చుకోండి. అభయారణ్యంలోకి పెంపుడు కుక్కను తీసుకువెళ్లకూడదు. ఆ వైపు చాలామంది ఎక్కే కుమార పర్వతం ఉన్నది పుష్పగిరి అభయారణ్యంలోనే. తోట యజమాని సొంత భూమి అయితే ఆయన అనుమతితో పాటు, అక్కడ పనిచేసే మనిషినొకరిని తోడు అడగండి. హాసన జిల్లాలోని ఆ ప్రాంతపు తోటల్లోకి ఏనుగులు వస్తూనే ఉంటాయి కనుక, ముందురోజు రాత్రి గుంపు ఎటు మళ్లిందో తెలిసేది వారికే.

కుక్కను మాత్రం ఎక్కడా వదలకండి. ఏనుగును చూసి మొరిగిన కుక్క, అది తరమగానే పరుగెత్తుకుని వచ్చేది మీ దగ్గరికే.

మాది నాటుకుక్క. ఒక ఆగస్టులో అత్తగారితో, బావగారితో, పాపతో కలిసి అటువంటి గడ్డికొండే ఎక్కాము. ఎక్కడం పెద్ద కష్టం కాలేదు. అసలు పరీక్ష దిగేటప్పుడే మొదలైంది. తడిగడ్డి కింద నాచు పట్టిన బండ కంటికి కనిపించదు, కుక్క ఒక్క గెంతు వేసిందంటే తాడు పట్టుకున్న మనిషి కాలు జారుతుంది. అందుకని తాడును మెడపట్టీకి కాకుండా ఒంటికి తొడిగే హార్నెస్‌కు వీపు వైపున కట్టి, మణికట్టుకు చుట్టుకోకుండా అరచేతిలోనే పట్టుకున్నాము. కుక్క బాధ్యత బావగారిది, పాప బాధ్యత నాది. ఈ రెండింటినీ ఒకే మనిషికి అప్పగించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నిటారుగా ఉన్న ఒకచోట బావగారు కుక్కను మూరెడు వెనుక ఉంచుకుని, బండ మీద కూర్చుని మెల్లగా జరుగుతూ దిగారు. అత్తగారైతే ఎవరూ చెప్పకముందే కూర్చుని, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, అందరికంటే క్షేమంగా కిందికి చేరారు.

జలగల బెడద మనకంటే కుక్కకే ఎక్కువ. మనకు జలగలు దూరని మేజోళ్లు దొరుకుతాయి. కుక్కకు అవి కాలివేళ్ల సందుల్లో, చెవి అంచున, పెదవి కింద, ఒక్కోసారి ముక్కులోపల కూడా పడతాయి. కనిపించిన జలగను లాగకుండా, మొదట సన్నని కొసను, తరువాత లావు కొసను వేలిగోటితో పక్కకు నెట్టండి. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కనుక కొంతసేపు కారుతుంది, శుభ్రమైన గుడ్డతో అదిమి ఉంచితే చాలు. ఇంటికి వచ్చాక కుక్క ఆగకుండా తుమ్ముతున్నా, ఒక్క ముక్కుపుటం నుంచే రక్తం వస్తున్నా వెంటనే పశువైద్యుడికి చూపించండి.

గుంటల్లో నిలిచిన నీటిని తాగనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకే కాదు, మనుషులకూ సోకుతుంది. కుక్కకు దీని టీకాను ఏటా వేయించాలి, మొదటిసారి అయితే కొన్ని వారాల తేడాతో రెండు మోతాదులు పడాలి కనుక ఇప్పుడే మొదలుపెట్టండి. పాప కాళ్లకు పుండ్లుంటే నీళ్లు దిగని బూట్లు తప్పనిసరి.

తడిసిన కుక్క వణుకుతూ తోక ముడిచి నిలబడితే, శిఖరం ఎంత దగ్గరగా ఉన్నా అక్కడి నుంచే వెనక్కి మళ్లండి. లాబ్రడార్ చెవులు వాలి ఉంటాయి కనుక లోపల తేమ నిలిచి చీము పట్టవచ్చు. కారు ఎక్కించే ముందు పొడిగుడ్డతో తుడవండి.