తాగుడు మాన్పించే మాత్రను భర్తకు తెలియకుండా అన్నంలో కలపవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన వయసు 44. దాదాపు పదిహేనేళ్లుగా తాగుతున్నారు. ఇప్పుడు రోజూ హాఫ్ బాటిల్ దాకా వచ్చింది. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయని ఒక పెగ్గు వేసుకుంటే తప్ప పనికి వెళ్లలేకపోతున్నారు. షుగర్ కూడా ఉంది. నిరుడు అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశారు. మూడో రోజు రాత్రి గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టారు, పిల్లల్ని కూడా గుర్తుపట్టలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ ఎక్కించాడు. రెండు రోజులకు తేరుకుని దీక్ష పూర్తి చేశారు కానీ, మాల తీసిన రోజే మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు మా ఆడపడుచు ఎవరి దగ్గరో ఒక మాత్ర తెప్పించింది. పప్పులోనో టీలోనో తెలియకుండా కలిపిస్తే తాగుడు మీద విరక్తి పుడుతుందట. కలపవచ్చా? అసలు తాగుడు మాన్పించే మందులు నిజంగా ఉన్నాయా?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ మాత్ర కలపకండి. ఇప్పటికే కలిపి ఉంటే వెంటనే ఆపి, ఆ సంగతి మీవారికి చెప్పి, ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా ఆయన తాగి, ముఖం ఎర్రబడటం, గుండె దడ, వాంతులు, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఏ మాత్ర ఇచ్చారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మిమ్మల్ని ఏమైనా అంటారేమోనన్న భయంతో ఆ మాట దాస్తే చికిత్స దారి తప్పుతుంది.

ఇలా 'తెలియకుండా కలిపే మాత్ర' అని చేతులు మారేది చాలావరకు డైసల్ఫిరామ్. మంచి మందే. 1940ల చివర్లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని తాగుడు చికిత్సలోకి తెచ్చారు, ఇప్పటికీ వాడుతున్నాం. అయితే అది పనిచేసే తీరు మీ ఆడపడుచుకు ఎవరో తప్పుగా చెప్పారు. మద్యం కాలేయంలోకి వెళ్లాక మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. తర్వాత ఒక ఎంజైమ్ దాన్ని హాని లేని పదార్థంగా మార్చేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఒక పెగ్గు తాగినా విషం ఒంట్లో పేరుకుపోతుంది. నేను పైన చెప్పిన లక్షణాలన్నీ కొద్ది నిమిషాల్లోనే మొదలవుతాయి. బీపీ పడిపోయి, గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది.

తాగుడు మీద విరక్తి పుట్టించే గుణం ఈ మాత్రకు లేదు, తాగాలన్న కోరికనూ అది తగ్గించదు. 'ఈ మాత్ర వేసుకున్నాను, ఈ రోజు తాగితే ఆసుపత్రి పాలవుతాను' అని మనిషికి తెలిసి ఉండటమే దాని బలం. తెలియకుండా ఇస్తే ఆ బలం పోయి ప్రమాదం ఒక్కటే మిగులుతుంది. ఆయనేమో బ్రాండ్ కల్తీ అనుకుంటారు, గ్యాస్ అనుకుంటారు, ఇంకో షాపులో ఇంకో సీసా కొంటారు. ఎప్పుడో ఒకప్పుడు అసలు విషయం బయటపడుతుంది. ఆ తర్వాత భార్య చేతి అన్నం తినడానికి కూడా భయపడే మగవాళ్లను నేను చూశాను. అక్కడి నుంచి నిజమైన చికిత్సకు ఒప్పించడం చాలా కష్టం.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మాత్ర సంగతి కన్నా నిరుడు మాల వేసుకున్న మూడో రోజు రాత్రి జరిగిన సంగతి. దాన్ని గాలి సోకిందనో, దీక్షలో ఏదో అపచారం జరిగిందనో ఊళ్లో అని ఉంటారు. అది డెలీరియం ట్రెమెన్స్ అనే అత్యవసర పరిస్థితి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు మద్యానికి తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది. అది ఒక్కసారిగా ఆగిపోతే అదుపు తప్పుతుంది. చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం, గుండె వేగం పెరగడం వస్తాయి. చికిత్స లేకపోతే ఇందులో మనుషులు చనిపోతారు. మీవారు బతికి బయటపడ్డారు. కానీ ఒకసారి ఇలా అయినవారికి, మళ్లీ అలాగే అకస్మాత్తుగా ఆపితే ఇంకా తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే 'రేపటి నుంచి చుక్క ముట్టను' అని ఆయన ఒట్టు వేసినా, ఇంట్లో ఉంచి మాన్పించే ప్రయత్నం చేయకండి. ఆయనకు మాన్పించడం ఆసుపత్రిలో చేర్పించే జరగాలి.

అలాగే గ్లూకోజ్ గురించి. మన ఊళ్లలో తాగి నీరసపడిన మనిషికి మొదట చేసేది సెలైన్ పెట్టడం. ఎక్కువ తాగేవారికి ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. మతి స్థిమితం తప్పడం, నడక తూలడం, చూపు తేడాగా మారడం, ఆ తర్వాత జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవడం దాకా వెళ్తుంది. థయామిన్ ఇంజెక్షన్ ఖరీదైనదేమీ కాదు. ఎవరు సెలైన్ పెడుతున్నా 'బీ1 ఇచ్చారా' అని అడగండి. మీవారికి షుగర్ కూడా ఉంది కాబట్టి మరో జాగ్రత్త కావాలి. సరిగా తినకుండా తాగుతూ షుగర్ మాత్రలు వేసుకుంటే షుగర్ బాగా పడిపోయి కూడా మనిషి తికమకగా మాట్లాడవచ్చు. అలాంటప్పుడు వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి.

ఆసుపత్రిలో మొదటి వారం పది రోజుల్లో చేసేది ఇదీ. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ, కాలేయం దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ గానీ, ఈ రకం మత్తు మాత్రలు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తాం. దాంతోపాటు థయామిన్ ఇస్తాం. కాలేయం, కిడ్నీ, షుగర్ పరీక్షలు, ఈసీజీ చేస్తాం. ఆ మత్తు మాత్రలు బాగా పనిచేశాయి కదా అని మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి వాడకూడదు, వాటికీ అలవాటు పడతారు. వాటి మీద మద్యం తాగితే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. (ఇదే చోట మరికొందరు పాఠకులకు ఒక మాట: మా ఇంట్లో తాగేది కల్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి. తెలంగాణలో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రజోలామ్ లాంటి మత్తు మందులు కలిపిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు, ఫిట్స్‌తో, పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తూ ఎంతోమంది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి చేరారు. కల్లు మాన్పించాలన్నా డాక్టరు సాయం కావాలి.)

వణుకు తగ్గి, నిద్ర పట్టి, ఆకలి పుట్టగానే చాలా కుటుంబాలు 'నయమైపోయింది' అని ఇంటికి వెళ్లిపోతాయి. అసలు చికిత్స అప్పుడే మొదలవుతుంది. మీరు అడిగిన 'తాగుడు మాన్పించే మందులు' వచ్చేది ఈ దశలోనే.

వాటిలో నేను ఎక్కువగా వాడేది నాల్‌ట్రెక్సోన్. రోజుకు 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. తాగినప్పుడు మెదడులో కలిగే ఆ 'కిక్'ను ఇది తగ్గిస్తుంది. తాగాలన్న తహతహ తగ్గుతుంది, ఒకవేళ ఒక పెగ్గు తాగినా రెండోది, మూడోది అంటూ సాగదు. ఇది వేసుకుని తాగితే డైసల్ఫిరామ్‌లా విషప్రభావం రాదు. మొదట్లో కొందరికి వికారం, తలనొప్పి ఉంటాయి, అన్నం తిన్నాక వేసుకుంటే కొంత తేలిక. కామెర్లు ఉన్నవారికి, కాలేయం బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వం. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మందులు వాడుతున్నవారికి ఇది ఇవ్వకూడదు. నడుం నొప్పికో మోకాలి నొప్పికో ఆర్‌ఎంపీ దగ్గర తీసుకునే మాత్రల్లో, ఇంజెక్షన్లలో ట్రమడాల్ ఉండవచ్చు. అందుకే మీవారు వాడే ప్రతి మాత్ర స్ట్రిప్పునూ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.

రెండోది అకాంప్రోసేట్. మద్యం మానేశాక వారాల తరబడి ఉండే చిరాకు, టెన్షన్, నిద్రలేమిని తగ్గించి నిలబడేలా చేస్తుంది. ఇది కాలేయం మీద భారం వేయదు, కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. కాబట్టి కాలేయం పాడైనవారికి పనికొస్తుంది, కిడ్నీలు పాడైనవారికి కుదరదు. షుగర్ ఉన్న మీవారికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూసే ఇవ్వాలి. దీనితో చిక్కల్లా రోజుకు మూడు పూటలా రెండేసి మాత్రలు వేసుకోవాల్సి రావడమే. విరేచనాలు కొందరికి ఉంటాయి. కాలేయం గట్టిపడిపోయిన, అంటే సిర్రోసిస్ ఉన్నవారికి బాక్లోఫెన్ అనే మందు కూడా వాడతాం. మగత ఎక్కువ, అకస్మాత్తుగా ఆపకూడదు, డాక్టరు కనుసన్నల్లోనే వాడాలి.

నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అయినా మన దగ్గర వీటి పేరు విన్నవారు తక్కువ. బీపీకి, షుగర్‌కు ఏళ్ల తరబడి మాత్రలు వేసుకోవడంలో ఎవరికీ నామోషీ లేదు. తాగుడుకు మాత్ర అనేసరికి 'మనసు గట్టిగా పెట్టుకుంటే చాలదా' అంటారు. పదిహేనేళ్లు తాగిన మెదడు మనసు మాట ఒక్కటే వినదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి.

ఈ మాత్రలు ఎంత పనిచేస్తాయో ఉన్నదున్నట్టు చెబుతాను. అనేక పరిశోధనలను కలిపి చూస్తే, సుమారు 12 మందికి అకాంప్రోసేట్ ఇచ్చినప్పుడు, మాత్ర లేకపోతే మళ్లీ తాగేవాడే అయిన ఒకరు అదనంగా నిలబడతారని తేలింది. నాల్‌ట్రెక్సోన్‌తో మళ్లీ మితిమీరి తాగడాన్ని ఆపే విషయంలో కూడా లెక్క దాదాపు అంతే. అద్భుతం కాదు, కానీ ఒక ఇల్లు నిలబడటం చిన్న విషయమూ కాదు. కౌన్సెలింగ్, ఇంటివారి తోడు కలిస్తే ఇంకా మేలు. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది వాడాలి. మధ్యలో ఒకసారి తాగితే 'అంతా అయిపోయింది' అని మాత్ర ఆపేయకండి, డాక్టరుకు చెప్పి కొనసాగించండి.

మరి డైసల్ఫిరామ్ ఎవరికి? పూర్తిగా తెలిసి, ఒప్పుకుని, 'నా భార్య చేత్తో రోజూ పొద్దున్నే ఇప్పించండి' అని తానే అడిగే మనిషికి. చివరిసారి తాగి కనీసం ఒక రోజు గడిచాక, గుండె, కాలేయ పరీక్షలు చూశాక మొదలుపెడతాం. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, మెట్రోనిడజోల్ మాత్రలు కూడా దూరం పెట్టాలి. షుగర్ ఉన్న, నిరుడు అంత ప్రమాదం చూసిన మీవారికి మొదటే దీన్ని నేను ఎంచుకోను. పసరు మందులు, పొడులు ఇచ్చేవారి దగ్గరికి కూడా వెళ్లకండి. అందులో ఏముందో చెప్పలేనివారు ఇచ్చేది ఏదైనా షుగర్ ఉన్న మనిషి ఒంట్లోకి పోకూడదు.

మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన విషయమూ దీక్షే. అంత ప్రమాదం దాటాక కూడా ఆయన మిగిలిన రోజులన్నీ మద్యం ముట్టలేదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, తోటి స్వాముల సావాసం, ఊరంతా 'స్వామీ' అని గౌరవంగా పిలవడం. ఇవి ఏ మాత్రా ఇవ్వలేనివి. ఈసారి మాల వేసుకోవాలనుకుంటే వద్దనకండి. కానీ అంతకు ముందే ఆసుపత్రిలో చేర్పించి క్షేమంగా మాన్పించాలి, ఆ తర్వాతే మాల. దీక్షలో ఉన్నన్నాళ్లూ డాక్టరు రాసిన మాత్ర నడుస్తూ ఉండాలి, దీక్షలో మందులు వేసుకోవడం తప్పేమీ కాదని గురుస్వామితో చెప్పించండి. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన తర్వాతి వారం ఆయన ఒంటరిగా ఉండకుండా చూడండి, ఆ వారంలోనే ఓపీకి రండి. నిరుడు జారిపోయింది అక్కడే.

ఆయనతో ఎలా మాట్లాడాలి అన్నది మీకు అన్నిటికన్నా కష్టం, తెలుసు. తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి. కాస్త కుదురుగా ఉన్న పూట, ఆయన్ను ఇబ్బంది పెడుతున్న వాటితోనే మొదలుపెట్టండి: చేతుల వణుకు, నిద్ర, షుగర్. నిరుడు ఆ రాత్రి మీరెంత భయపడ్డారో చెప్పండి. వీటికి మందులున్నాయని, డాక్టరు తిట్టరని చెప్పండి. జగిత్యాల, కరీంనగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగంలో అడగండి. అవసరమైతే ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు పంపుతారు. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, మత్తు అలవాట్లకు ప్రత్యేకంగా 14446 ఉంది. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ అయితే డాక్టరు ఉన్నారా, రాత్రిపూట నర్సు ఉంటుందా అని చూశాకే చేర్చండి. గొలుసులతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం, కొట్టడమైతే ఎక్కడా చికిత్స కాదు. అలాంటిది కనిపిస్తే ఆ గడప తొక్కకండి.

చివరిగా ఒకటి. డాక్టరు దగ్గరికి తాగి వస్తే బాగోదని, వచ్చే రోజు పొద్దున్నుంచి, కొందరైతే ముందు రోజు నుంచే, బలవంతంగా తాగనివ్వకుండా బయల్దేరదీస్తారు. బస్సులోనే ఫిట్స్ వచ్చినవాళ్లున్నారు. మీవారి విషయంలో ఆ పని అస్సలు చేయకండి. బండి మాత్రం ఆయన్ను నడపనివ్వకండి. ఏదైనా తినిపించి, పాత రిపోర్టులు, మాత్రల స్ట్రిప్పులు పట్టుకుని, ఒక పెగ్గు వేసుకుని ఉన్నా సరే అలాగే తీసుకురండి. ఎంత తాగారో, చివరి పెగ్గు ఎన్ని గంటలకో మీరు చెబితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.